జూలియెట్‌నీ రోమియోనీ ఒకే గాటన కట్టకు

చిరంజీవి అమ్మాయికి,

పెద్దమ్మ ఆశీస్సులు. షేక్‌స్పియర్ నాటకం ‘రోమియో అండ్ జూలియెట్’లో ఆ ఇద్దరి చావుకీ తప్పెవరిదో వ్యాసం రాయాలని టెన్షన్ పడుతున్నావట, మీ అమ్మ చెప్పింది. ఆ నాటకం ఏళ్ళ తరబడి పాఠం చెప్పినదాన్ని కాబట్టి నాకు తోచింది రాస్తున్నాను.

తప్పంతా విధి మీదకు తోసెయ్యకు. జూలియెట్ బంధువు టిబాల్ట్‌ని చంపాక రోమియో విధి నాతో ఆడుకుందని వాపోతాడు, కానీ కత్తి దూసింది అతనే. నాటకంలో తొందర అడుగడుగునా కనిపిస్తుంది. 1562లో ఆర్థర్ బ్రూక్ రాసిన కావ్యంలో నెలల తరబడి సాగిన కథని షేక్‌స్పియర్ నాలుగైదు రోజులకు కుదించాడు. ఆదివారం రాత్రి విందులో చూసుకున్నవాళ్ళకి సోమవారం పెళ్ళైపోతుంది. అందుకే తొందరపడింది ఎవరని కాకుండా, ఆగమని ఎవరు ఎవరితో అన్నారో వెతుకు.

ఆ హత్యకు వెరోనా నుంచి వెలివేస్తే రోమియో మాంటువా ఊరికి వెళ్ళిపోతాడు. జూలియెట్ చనిపోయిందని అక్కడికొచ్చి చెప్పిన సేవకుడు బాల్తజారే, ముఖం పాలిపోయిన రోమియోని చూసి కాస్త ఓపిక పట్టమని బతిమాలుతాడు. వాళ్ళకి పెళ్ళి చేసిన సన్యాసి ఫ్రయర్ లారెన్స్ దగ్గర్నుంచి ఉత్తరాలు తెచ్చావా అని రోమియో ఆ వార్త వినకముందు ఒకసారి, విన్నాక ఒకసారి అడుగుతాడు. లేవంటే పోనీలే అని, నలభై డుకాట్లు (బంగారు నాణేలు) పెట్టి విషం కొంటాడు. ఉత్తరం రావాలని తెలిసీ ఒక్కరోజు ఆగలేదు. అతని బాధ్యతకు ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. జూలియెట్‌కి పెద్దలు కుదిర్చిన వరుడు పారిస్ కూడా సమాధి దగ్గర అతని చేతిలోనే పోతాడు, పిల్లలు చాలామంది ఇది మరిచిపోతారు.

జూలియెట్‌కి పద్నాలుగేళ్ళు కూడా నిండలేదు. ఇదంతా మెరుపులా మరీ హఠాత్తుగా ఉందని ముందు జంకింది తనే. పెళ్ళి మాట ఎత్తిందీ తనే, అది దాచకు. కానీ పారిస్‌తో పెళ్ళి ఒక నెల, పోనీ ఒక వారం వాయిదా వేయించమని తల్లి కాళ్ళావేళ్ళా పడింది. తల్లి పట్టించుకోలేదు. మాట వినకపోతే వీధుల్లో అడుక్కుని చావమన్నాడు తండ్రి. పాలిచ్చి పెంచిన దాది కూడా పారిస్‌నే చేసుకోమంది. పైగా గురువారం అనుకున్న పెళ్ళిని ఆ తండ్రి కాపులెట్ బుధవారానికి జరిపాడు. గడువు అడిగి, దొరక్క, చచ్చినట్టు నిద్రపుచ్చే ఫ్రయర్ మందు తాగిన పిల్ల అది. ఆగమన్నా ఆగనివాడు రోమియో. ఇద్దరిదీ ఒకటే దుడుకుతనం అని రాస్తే ఆ పిల్లకి అన్యాయం చేసినట్టే.

ఇక ఫ్రయర్. పరిగెత్తేవాళ్ళు తట్టుకుని పడతారని రోమియోకి బుద్ధి చెప్పి, అదే రోజు పెళ్ళి చేశాడు. రోమియో, జూలియెట్ల రెండిళ్ళ మధ్య పగ చల్లారుతుందని ఆశపడ్డాడు, సరే. జూలియెట్‌ది నిజం చావు కాదని రోమియోకి రాసిన ఉత్తరం చేరకపోవడం కూడా ఆయన తప్పు కాదు. అది తీసుకెళ్ళాల్సిన ఫ్రయర్ జాన్‌ని ప్లేగు అనుమానంతో ఒక ఇంట్లో పెట్టి బంధించారు. కానీ సమాధిలో జూలియెట్ కళ్ళు తెరిచాక, కాపలావాళ్ళ అలికిడి వినపడగానే ఆ పిల్లని ఒంటరిగా వదిలి పారిపోయాడే, దాన్ని మాత్రం నేను ఎన్నిసార్లు చదివినా క్షమించలేను.

చివర్లో వెరోనా ప్రభువు కొందరికి క్షమాపణ, కొందరికి శిక్ష అంటాడు గానీ ఎవరికేదో చెప్పడు. నువ్వు పేర్లు పెట్టి చెప్పు. ‘అందరిదీ తప్పే’ అని దాటెయ్యకు. మూడో అంకం ఐదో రంగం మళ్ళీ ఒకసారి చదివి, అప్పుడు మొదలుపెట్టు. రాసింది నాకు పంపు.

ఇట్లు,
మీ పెద్దమ్మ