యాంటీఆక్సిడెంట్ గుణమున్న మొక్క సారం మూర్ఛకూ పనిచేస్తుందా?

అలా నేరుగా చెప్పలేం. రెండూ వేర్వేరు పరీక్షలు.

యాంటీఆక్సిడెంట్ గుణాన్ని గాజు గొట్టంలోనే చూడొచ్చు. డీపీపీహెచ్ అనే ఊదారంగు ద్రావణంలో సారం కలిపితే, ఫ్రీ రాడికల్స్ అనే చురుకైన అణువులు తగ్గేకొద్దీ రంగు పసుపుకు తిరుగుతుంది. దాన్ని 517 నానోమీటర్ల దగ్గర కొలిచి విటమిన్ సితో పోలుస్తారు.

మూర్ఛకైతే మందు మెదడులోకి చేరాలి. అది గొట్టంలో తెలియదు. అందుకే ఎలుకలకు సారం ఇచ్చి, కరెంట్ షాక్‌తోనో పెంటిలీన్‌టెట్రజోల్ అనే రసాయనంతోనో ఫిట్స్ తెప్పిస్తారు. షాక్ ఇచ్చినప్పుడు వెనక కాళ్లు బిగుసుకుని చాచుకోవడం ఆగిందా, రసాయనంతో వచ్చే ఫిట్స్ ఎంత ఆలస్యమయ్యాయి అన్నది గమనిస్తారు. ఫెనిటాయిన్, డయాజెపామ్ అనే ఫిట్స్ మందులు ఇచ్చిన ఎలుకలతో పోలుస్తారు. సారం ఉత్త మత్తే కలిగిస్తోందేమో కూడా తేల్చాలి. తిరిగే కడ్డీ మీద ఎలుక నిలదొక్కుకుంటే ఆ అనుమానం తగ్గుతుంది. ఈ పరీక్ష చేయని ఫలితాన్ని నేను నమ్మను.

ఎలుకల్లో నెగ్గినా మనుషుల మీద ట్రయల్స్ తప్పవు. గంజాయి మొక్కలోని కానబిడియోల్ అలా నెగ్గే 2018లో అమెరికాలో అనుమతి పొందింది. అదీ శుద్ధి చేసిన ఒకే పదార్థం, పచ్చి సారం కాదు.

ఫిట్స్ మందులు వాడుతున్నవారు సారాలను నమ్మి ఆ మందులను ఉన్నట్టుండి ఆపకండి, ఆగకుండా ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది.