రాసుకున్న ఒప్పందం లేకపోతే ఎగ్గొట్టిన జీతం, పరిహారం అడగొచ్చా?

అడగొచ్చు, ఒప్పందం కాగితం మీద లేకపోయినా, పని చేయించుకున్నాక ఆ జీతం యజమాని చెల్లించాల్సిన బాకీయే. కాగితంలో ఏం రాశారన్నదాని కంటే పని నిజంగా ఎలా జరిగిందన్నదే ప్రధానంగా చూడాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2006 నాటి సిఫారసు చెబుతోంది. చాలా దేశాల్లో న్యాయస్థానాలూ ఇలాగే చూస్తాయి.

ఇంటిపనికి కుదిరిన ఒకామె పాస్‌పోర్టు లాక్కుని, నెలల తరబడి జీతం ఆపేశారనుకోండి. "రేపు ఐదింటికే లేచి వంట మొదలుపెట్టు" అని యజమాని పంపిన వాయిస్ మెసేజ్, మొదట్లో ఇచ్చిన జీతం బ్యాంకులో పడిన వివరం, పక్కింటివాళ్ల సాక్ష్యం, ఆమె తేదీలవారీగా రాసుకున్న పని గంటలు, ఇవన్నీ ఆధారాలుగా పనికొస్తాయి. ఆలస్యం మాత్రం చేయకూడదు. ఫిర్యాదుకు గడువు ఉంటుంది, కొన్నిచోట్ల అది కొద్ది నెలలే.

వీసా తీరిపోతే హక్కూ పోయినట్టేనని భయపడి చాలామంది ఊరుకుంటారు. అది పొరపాటు. నిర్బంధ శ్రమ బాధితులకు వలస హోదాతో నిమిత్తం లేకుండా పరిహారం లాంటి ఉపశమనం అందాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2014 నాటి ప్రొటోకాల్ (దేశాలు ఆమోదిస్తే పాటించాల్సిన ఒప్పందం) అంటోంది. దాన్ని ఆమోదించని దేశాలూ ఉన్నాయి కాబట్టి, ఫిర్యాదుకు ముందే కార్మిక సంఘాన్నో ఉచిత న్యాయ సహాయం చేసేవాళ్లనో కలవడం మంచిది.