క్యాంపర్ ఇచ్చేసి హైలక్స్ తీసుకోవచ్చా?

ప్రశ్న: చాలా ఏళ్లుగా మహీంద్రా బొలెరో క్యాంపర్ (వెనక సీటూ, సరుకు తొట్టీ ఉన్న పికప్) వాడుతున్నాను. అమ్మాలంటే మనసొప్పడం లేదు. కానీ సుంకి ఘాట్ దిగి సాలూరు మీదుగా విశాఖ వెళ్లొస్తే, వెనక సీట్లో నాన్నగారికి నడుం పట్టేస్తోంది. టయోటా పికప్ హైలక్స్‌కి మారితే సుఖంగా ఉంటుందా?
– ఒక పాఠకుడు, కొరాపుట్ (ఒడిశా)

జవాబు: ముందు సీట్లో తేడా బాగా తెలుస్తుంది. వెనక సీటు సంగతి వేరు. హైలక్స్‌కీ వెనక కమాన్ పట్టీలే (లీఫ్ స్ప్రింగులు). బరువు కోసం వేసినవి కాబట్టి ఖాళీ బండిని ఎగరేస్తాయి. టెస్ట్ డ్రైవ్‌లో నాన్నగారినే వెనక కూర్చోబెట్టి గతుకుల్లో తిప్పించండి. షోరూం ముందు తారురోడ్డు మీద ఏ బండైనా బాగానే ఉంటుంది!

అంతకన్నా ముందు క్యాంపర్ టైర్లలో గాలి చూపించండి. లోడుకు పట్టించిన గాలితోనే ఖాళీగా తిరగడం చాలామంది చేసే పని. ఖాళీ బండికి ఎంత ఉండాలో మాన్యువల్‌లో ఉంటుంది. షాక్ అబ్జార్బర్ల మీద నూనె జిడ్డు కనిపించినా, కమాన్ బుష్‌లు అరిగినా మార్పించండి. దాంతోనే సరిపోవచ్చు.

హైలక్స్ పొడవు 5,325 మి.మీ. ఇంటి గేటు, సందు మలుపు కొలుచుకోండి. క్యాంపర్‌లా టన్ను సరుకు వేస్తానంటే కుదరదు.

పాతబండిని ఆంధ్రావాళ్లు కొంటే ఫారం 28తో ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం), తర్వాత పేరు మార్పిడికి ఫారం 29, 30 కావాలి. లోను తీరిపోయినా ఆర్‌సీలో ఫైనాన్స్ పేరుంటే, దాన్ని తీయించడానికి ఫారం 35 కూడా. పసుపు ప్లేటు (వాణిజ్య) బండి మీద వచ్చిన నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు బీమా ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) ప్రైవేటు కారు పాలసీకి మారదు; బేరం లెక్కలో దాన్ని కలపకండి.