హీలియం గుంటూరుదేనా? వికీ రచనపై మీ సందేహాలు

ప్రశ్న: డిగ్రీ విద్యార్థులకు రసాయనశాస్త్రం చెబుతాను. తెలుగు వికీపీడియాలో "1868లో గుంటూరులో జాన్సెన్ హీలియంను కనుగొన్నాడు" అని చేరిస్తే, ఆధారం కావాలన్న గుర్తు పడింది. అందరికీ తెలిసిన సంగతే కదా, ఇంకేం చూపాలి?
– ఒక అధ్యాపకురాలు, వేళచ్చేరి, చెన్నై

జవాబు: గుంటూరు సంగతి నిజమే. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని ఫ్రెంచి ఖగోళవేత్త జాన్సెన్ అక్కడినుంచే చూశాడు. సూర్యుడి అంచున లేచే జ్వాలల వర్ణపటాన్ని (కాంతిని రంగులుగా విడదీస్తే వచ్చే పట్టీని) గ్రహణం లేకుండానే చూడొచ్చని మర్నాడే తేల్చాడు. ఆయన అసలు ఘనత అది. అదే గ్రహణాన్ని మచిలీపట్నంలో చూసి, ఆ వర్ణపటంలో పసుపు గీతను నమోదు చేసినవారిలో మద్రాసు అబ్జర్వేటరీకి చెందిన పాగ్సన్ ఒకరు. చెన్నైలో ఉన్న మీరు ఆయన్ని వదిలేయకండి! ఆ గీత సోడియానిది కాదనీ, కొత్త మూలకానిదనీ (అదే హీలియం) వాదించింది ఇంగ్లండులో ఖగోళవేత్త లాకయర్. భూమ్మీద దాన్ని పట్టుకున్నది రసాయనవేత్త రామ్సే. 1895లో క్లీవైట్ అనే యురేనియం ఖనిజాన్ని ఆమ్లంతో వేడిచేస్తే వచ్చిన వాయువులో దొరికింది.

కాబట్టి మీ ఒక్క వాక్యాన్ని నాలుగు చేయండి. ఎవరు చూశారు, ఎవరు వాదించారు, ఎవరు వేరుచేశారు అన్నది విడివిడిగా రాసి, ప్రతి వాక్యం చివరా మూలం ఇవ్వండి. పేరా చివర ఒక్కటే ఇస్తే, రేపు ఎవరో మధ్యలో ఇంకో వాక్యం దూర్చినా అదీ మీ మూలంలోదే అనిపిస్తుంది. పుస్తకమైతే పేజీ సంఖ్య తప్పనిసరి. ఇంగ్లీషు వికీ వ్యాసాన్ని మూలంగా చూపకూడదు. దాని అడుగున ఉన్న పుస్తకాన్నో పత్రాన్నో తెరిచి, చదివి, దాన్ని ఇవ్వాలి. అనువాదం చేస్తే ఏ వ్యాసం నుంచి తెచ్చారో దిద్దుబాటు సారాంశంలో (మార్పును భద్రపరిచేటప్పుడు రాసే చిన్న వివరణలో) రాయండి. బెంగళూరులోని ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ వారి రెజొనెన్స్ పత్రిక పాత సంచికలు ఉచితంగానే చదవొచ్చు, రసాయనవేత్తల జీవితాలకు చాలా మంచి ఆధారం. పత్రికల ఆదివారం వ్యాసాలతో మాత్రం జాగ్రత్త. కొన్ని వికీ నుంచే ఎత్తినవి. వ్యాసం తేదీని వికీ పేజీ చరిత్రతో పోల్చి చూస్తే ఏది ముందో తెలిసిపోతుంది.

ప్రశ్న: యల్లాప్రగడ సుబ్బారావు గారి వ్యాసాన్ని పెంచాలనుంది. "మహా మేధావి" లాంటి మాటలు తీసేస్తే వ్యాసం చప్పబడిపోదా?
– ఫార్మా ఉద్యోగి, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: ఆయన చేసిన పని వివరంగా రాస్తే ఆ మాటల అవసరమే రాదు. 1925లో హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి ప్రచురించారు. ప్రోటీన్ తీసేసిన ద్రవానికి ఆమ్ల మాలిబ్డేట్, ఆపైన ఒక క్షయకరణి (ఎలక్ట్రాన్లను ఇచ్చే పదార్థం) కలిపితే నీలిరంగు వస్తుంది. ఆ రంగు గాఢతను తెలిసిన నమూనాతో పోల్చి ఫాస్ఫేట్ ఎంతో లెక్కకడతారు. కండరం నుంచి తీసిన ద్రవంలో మాత్రం రంగు ఆలస్యంగా ముదిరింది. ఫాస్ఫేట్‌ను పట్టి ఉంచిన అస్థిర పదార్థమేదో ఆ ఆమ్లంలో మెల్లగా విడిపోతోందన్నమాట. అదే కండరాల్లో శక్తిని నిల్వచేసే ఫాస్ఫోక్రియాటిన్, 1927లో వెల్లడించారు. ఈ ఆలస్యం కథే వ్యాసానికి ప్రాణం. కనీసం ఒక పేరా ఇవ్వండి.

కణాలకు శక్తినందించే అణువైన ఏటీపీ దగ్గర లోమన్ పేరు కూడా రాయాలి. జర్మనీలో ఆయనా 1929లోనే విడిగా ప్రకటించాడు. ఆరియోమైసిన్ అనే యాంటీబయోటిక్‌ను కనుగొన్నది డగ్గర్. అప్పుడు అమెరికా మందుల సంస్థ లెడర్లీలో పరిశోధనలు నడిపించింది సుబ్బారావు. ఈ రెంటినీ ఆయన ఒక్కరికే కట్టబెడితే, తెలిసిన పాఠకుడు మిగతా వ్యాసాన్నీ నమ్మడు.

ముందు మీ వాడుకరి ప్రయోగశాలలో (వికీలో మీ సొంత చిత్తుప్రతి పేజీలో) రాసుకుని, పెద్ద మార్పులైతే చర్చ పేజీలో చెప్పి, అప్పుడు వ్యాసంలోకి తీసుకెళ్లండి.

ప్రశ్న: శాస్త్రవేత్తల ఫొటోలు సంస్థల వెబ్‌సైట్ల నుంచి తీసి పెట్టొచ్చా?
– విద్యార్థి, తాంబరం

జవాబు: సాధారణంగా కుదరదు, వాటికి కాపీరైటు ఉంటుంది. ఈమధ్య వచ్చిన తపాలా బిళ్లల బొమ్మలకూ హక్కులుంటాయి. బహిరంగ స్థలంలో శాశ్వతంగా నిలిపిన విగ్రహం ఉంటే మీరే ఫొటో తీసి, స్వేచ్ఛా లైసెన్సుతో వికీమీడియా కామన్స్ (వికీల ఉమ్మడి బొమ్మల భండారం) లోకి ఎక్కించండి. గోడకు తగిలించిన చిత్తరువుకు ఈ వెసులుబాటు లేదు.