ప్రథమ చికిత్స గదికి తాళం వేసి ఉంటే పార్కును అడగవచ్చా?

ప్రశ్న: మేము ఖమ్మంలో ఉంటాం. వేసవి సెలవుల్లో నేను, నా భార్య, ఇద్దరు పిల్లలం హైదరాబాద్ శివార్లలోని ఒక వినోద పార్కుకు వెళ్లాం. నీటి జారుబండ ఎక్కే మెట్ల మీద మా తొమ్మిదేళ్ల పాప జారిపడింది. గడ్డం చీరుకుపోయింది, కుడి మణికట్టు వంకర తిరిగింది. ప్రథమ చికిత్స గదికి ఎత్తుకెళితే తాళం వేసి ఉంది. తాళంచెవి వచ్చేసరికి పాతిక నిమిషాలు పట్టింది. లోపల దూది, పసుపు రంగు మందు తప్ప ఏమీ లేవు, నర్సు లేదు. అక్కడున్న ఉద్యోగి ‘మేము ముట్టుకుంటే కేసవుతుంది’ అన్నాడు. చివరికి వరుసలో నిలబడిన ఒకావిడ, తాను నర్సునని చెప్పి, అట్టముక్క పెట్టి చున్నీతో చెయ్యి కట్టింది. బయటికి వెళ్లేటప్పుడు ‘మా ఇష్టంతోనే వెళుతున్నాం, పార్కుకు బాధ్యత లేదు’ అన్న కాగితం మీద నాతో సంతకం పెట్టించుకున్నారు. ఆస్పత్రికి 64 వేల రూపాయలైంది. టికెట్ వెనక ‘సందర్శకులదే పూర్తి బాధ్యత’ అని ఉంది. నాలుగు నెలలు గడిచిపోయాయి. ఏమైనా చేయగలమా?

జవాబు: చేయగలరు. మీ ఉత్తరంలో రెండు తప్పులు కలిసిపోయి ఉన్నాయి. వాటిని విడదీసి చూడాలి. పాప పడిపోవడం ఒకటి, పడిన పాపకు సాయం అందకపోవడం మరొకటి. మొదటిదానికి పార్కు వద్ద జవాబు ఉండవచ్చు. మెట్లకు గరుకు పట్టీలు వేశామని, పరుగెత్తవద్దని బోర్డు పెట్టామని అంటారు. అందులో నిజం ఉంటే ఆ మేరకు మీ వాదన బలహీనపడుతుంది. కానీ పాప తన పొరపాటు వల్లే పడిందనుకున్నా, గదికి తాళం ఎందుకుంది? నర్సు ఎందుకు లేదు? దీనికి బోర్డు జవాబు కాదు. మీ ఫిర్యాదులో ఈ రెండో తప్పును విడిగా, సమయాలతో సహా రాయండి. చాలామంది ప్రమాదం గురించి నాలుగు పేజీలు రాసి, ఆ తర్వాతి అరగంటను ఒక్క వాక్యంలో ముగిస్తారు. మీ విషయంలో బలమంతా ఆ అరగంటలోనే ఉంది.

మన దేశంలో వినోద పార్కుల కోసమే పార్లమెంటు చేసిన ప్రత్యేక చట్టం లేదు. అయినా మీరు నిరాశ పడనక్కర్లేదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ‘సేవ’ను నిర్వచిస్తూ వినోదాన్ని పేరు పెట్టి చేర్చింది. డబ్బు తీసుకుని ఇచ్చే ఆ సేవలో నిర్లక్ష్యం జరిగినా, చేయవలసింది చేయకపోయినా అది ‘సేవాలోపం’. రోజూ వందల మంది పిల్లలు తడి మెట్లు ఎక్కి దిగే చోట దెబ్బలు తగులుతాయని పార్కు ముందే ఊహించాలి, అందుకు సిద్ధంగా ఉండాలి. ఆ పార్కు ప్రకటనలోనో, ప్రవేశద్వారం దగ్గరి పటంలోనో ‘ప్రథమ చికిత్స కేంద్రం ఉంది’ అని రాసి ఉందేమో వెతకండి. ఉంటే ఫొటో తీసి పెట్టుకోండి. మీరు డబ్బు కట్టిన సేవలో అదీ భాగమేనని అప్పుడు గట్టిగా చెప్పవచ్చు.

టికెట్ మీది వాక్యానికి భయపడకండి. ఇలాంటి షరతును సుప్రీంకోర్టు 2019 నవంబరులో తాజ్ మహల్ హోటల్ కేసులో పరిశీలించింది. హోటల్ సిబ్బందికి అప్పగించిన కారు పోయింది. పార్కింగ్ చీటీ మీద ‘యజమానిదే బాధ్యత’ అని ఉంది. తన నిర్లక్ష్యం వల్ల కలిగిన నష్టం నుంచి అలాంటి షరతు చాటున తప్పించుకోలేరని, నిర్లక్ష్యం లేదని ముందుగా హోటలే చూపాలని కోర్టు చెప్పింది. అది కారు విషయంలో వచ్చిన తీర్పే, నిజమే. పసిపిల్ల చెయ్యి విషయంలో అంతకంటే తక్కువ జాగ్రత్త సరిపోతుందని ఇలాంటి ఫిర్యాదులు వినే ఏ వినియోగదారుల కమిషనూ అంటుందని నేననుకోను. ఆ షరతును అన్యాయమైన ఒప్పందంగా రద్దు చేయమని విడిగా కోరాలంటే రాష్ట్ర కమిషన్‌కు వెళ్లాలి. మీకు కావలసింది పరిహారం కనుక అంత దూరం వెళ్లనవసరం లేదు.

మీరు పెట్టిన సంతకం మాటకొస్తే, భారత ఒప్పందాల చట్టంలోని 16వ సెక్షన్ సరిగ్గా మీలాంటి వారి గురించే మాట్లాడుతుంది. మానసిక, శారీరక బాధతో మనిషి తట్టుకోలేని స్థితిలో ఉన్నప్పుడు, పైచేయి ఉన్నవారు దాన్ని వాడుకుని రాయించుకున్న ఒప్పందాన్ని ‘అనుచిత ప్రభావం’ కింద సవాలు చేయవచ్చు. నెత్తురోడుతున్న బిడ్డను చేతుల్లో పెట్టుకుని గేటు దాటాలనుకునే తండ్రి స్థితి అదే కదా. ఏ గంటకు, ఎవరి ఎదుట, ఏమి చెప్పి సంతకం పెట్టించారో ఫిర్యాదులో రాయండి. ఆ కాగితం నకలు మీకివ్వకపోతే ఆ సంగతీ రాయండి. పైగా పరిహారం పాపకు కూడా చెందవలసిందే. మీ చేత ఒక కాగితం రాయించుకుని పాప హక్కును తుడిచేశామనడం చెల్లదని వాదించండి.

‘ముట్టుకుంటే కేసవుతుంది’ అన్న మాట విన్నప్పుడల్లా నాకు మనసు కలుక్కుమంటుంది. మనిషి ప్రాణం మీదికి వచ్చినప్పుడు మేలు కోరి, మంచి మనసుతో చేసిన సాయాన్ని చట్టం నేరంగా చూడదు. నేరాలను, శిక్షలను నిర్వచించే భారతీయ న్యాయ సంహితలో 30వ సెక్షన్ ఉన్నదే అందుకు. సమ్మతి ఇవ్వగల స్థితిలో బాధితుడు లేకపోయినా అది వర్తిస్తుంది. మీ విషయంలో తల్లీ తండ్రీ పక్కనే నిలబడి సాయం చేయమని బతిమాలుతున్నారు. ఉద్యోగి భయం అతని తప్పు కాదు, అతనికి శిక్షణ ఇవ్వని యాజమాన్యం తప్పు. ఫిర్యాదులో అతన్ని కాదు, యాజమాన్యాన్ని ప్రతివాదిగా చేర్చండి.

ఇక ఎక్కడ వేయాలి? ఖమ్మంలోనే. ఫిర్యాదుదారు నివసించే చోట వేసుకునే వీలు వినియోగదారుల రక్షణ చట్టంలోని 34వ సెక్షన్ కల్పించింది, హైదరాబాద్ తిరగనక్కర్లేదు. జిల్లా కమిషన్ పరిధిని మీరు కోరే పరిహారాన్ని బట్టి కాదు, సేవకు మీరు చెల్లించిన సొమ్మును బట్టి లెక్కిస్తారు. అది 50 లక్షలు దాటకపోతే జిల్లా కమిషన్ చాలు, 5 లక్షల లోపైతే రుసుము కూడా లేదు. మీరు కట్టింది నాలుగు టికెట్ల ధర మాత్రమే. గడువు రెండేళ్లు కనుక నాలుగు నెలలు ఆలస్యం కాదు. టికెట్లు మీరు కొన్నా, సేవ పొందిన పాప కూడా వినియోగదారే. మైనర్ తరఫున తల్లి గానీ తండ్రి గానీ ఫిర్యాదు వేయవచ్చు. స్ప్రింగ్ మెడోస్ ఆస్పత్రి కేసులో 1998లో సుప్రీంకోర్టు బిడ్డతో పాటు తల్లిదండ్రులనూ వినియోగదారులుగా గుర్తించి, వారి మానసిక క్షోభకు విడిగా పరిహారం సమర్థించింది. కాబట్టి పాప పేరుతోనూ, మీ దంపతుల పేర్లతోనూ కలిపి వేయండి.

నాకున్న ఆందోళన సాక్ష్యం గురించే. సీసీ కెమెరా దృశ్యాలు ఎక్కువ కాలం నిలవ ఉండవు, పాతవాటి మీద కొత్తవి రికార్డవుతాయి. నాలుగు నెలల తర్వాత అవి మిగిలి ఉన్నాయో లేదో తెలియదు. అయినా ఈ వారమే స్పీడ్ పోస్టులో నోటీసు పంపి, ఆ రోజు దృశ్యాలు, ప్రమాదాల రిజిస్టరు, ఆనాటి నర్సు హాజరు పట్టిక భద్రపరచమని కోరండి. ప్రమాద బీమా పాలసీ ఉంటే దాని వివరాలూ అడగండి. నోటీసు ఇవ్వడం చట్టరీత్యా తప్పనిసరి కాదు. కానీ అడిగిన తర్వాత కూడా చూపకపోతే, చూపితే వారికే ప్రతికూలంగా ఉండేదని ఊహించమని కమిషన్‌ను కోరవచ్చు. మీ ఫోనులో తీసిన వీడియోలు, ఫొటోలు ఉంటే అసలు ఫోనును మార్చకండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యంగా పెట్టేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం అనే చట్టంలోని 63వ సెక్షన్ ధ్రువపత్రం జతచేయాలి. దాన్ని మీ న్యాయవాది రాసిపెడతారు. చెయ్యి కట్టిన ఆ నర్సమ్మ ఫోను నంబరు తీసుకున్నారా? తీసుకుని ఉంటే ఆమె ఇచ్చే ప్రమాణపత్రం మీ కేసుకు పెద్ద అండ. తాళం, దూది, పాతిక నిమిషాలు కళ్లారా చూసిన బయటి మనిషి ఆమె ఒక్కరే.

ఆస్పత్రి కాగితాల్లో ఒక్కటి మాత్రం ప్రత్యేకంగా కావాలి. ఆలస్యం వల్ల, కట్టు లేకుండా కదలడం వల్ల గాయం ముదిరిందా అన్న దాని మీద ఎముకల డాక్టరు అభిప్రాయం. అది లేకపోతే మీకు వేదనకు పరిహారం దక్కవచ్చు గానీ మొత్తం ఖర్చు రాబట్టడం కష్టం. చికిత్స రికార్డుల నకళ్లు రాతపూర్వకంగా అడగండి. అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని వైద్యుల వృత్తి నియమావళి చెబుతోంది.

పోలీసు ఫిర్యాదు కూడా పెట్టాలా అని మీరు అడగలేదు, కానీ చెప్పాలి. ఎముక విరగడం చట్టం దృష్టిలో తీవ్ర గాయం. నిర్లక్ష్యపు చర్యతో అలాంటి గాయం కలిగించడం న్యాయ సంహిత 125వ సెక్షన్ కింద నేరం. మెట్లు విరిగిపోయి ఉండటం, నాచు పట్టి ఉండటం వంటివి మీరు చూసి ఉంటే ఆ దారి ఆలోచించండి. కేవలం గదికి తాళం ఉందన్న కారణంతో క్రిమినల్ కేసు నిలవడం కష్టం. అక్కడ శక్తి ఖర్చు చేయడం కంటే కమిషన్ కేసును గట్టిగా నడపండి.

ఫిర్యాదు వేసేముందు పాపను మరొకసారి డాక్టరుకు చూపించండి. పిల్లల మణికట్టు విరిగినప్పుడు ఎముక ఎదిగే భాగానికి దెబ్బ తగిలి ఉంటే దాని ప్రభావం తర్వాతి సంవత్సరాల్లో బయటపడవచ్చు. ముందుముందు శస్త్రచికిత్స అవసరం కావచ్చని డాక్టరు రాసిస్తే ఆ మొత్తాన్ని ఇప్పుడే కోరాలి. ఒకసారి తీర్పు వచ్చాక అదే ప్రమాదం మీద మళ్లీ అడగడం దాదాపు కుదరదు.