పాతవి గతించాయంటున్నారు, నాకు నిద్ర మాత్రం రావడం లేదు

ప్రశ్న: నా వయసు 47. మాది కవిటి దగ్గర పల్లె, కొబ్బరి తోటల్లో పని. తొమ్మిదేళ్ల కిందట నాన్నకు కిడ్నీలు పాడై డయాలసిస్ నడుస్తుండగా, మందులకని అమ్మ దాచిన డబ్బు తీసి తాగేశాను. ఆ నెలలోనే నాన్న పోయారు. అమ్మకు ఆ సంగతి ఇప్పటికీ తెలీదు. ఆరేళ్ల కిందట బాప్తిస్మం తీసుకున్నాను, తాగుడు మానేశాను. బాగానే ఉన్నాను. నాలుగు నెలలుగా తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తోంది, నాన్న మొహమే కనిపిస్తోంది. అన్నం సయించడం లేదు, ఆరు కేజీలు తగ్గాను. గుండె బరువుగా ఉంటే ఈసీజీ తీశారు, బాగానే ఉందన్నారు. తలనొప్పికి రోజూ షాపులో నొప్పి మాత్ర కొని వేసుకుంటున్నాను. శుక్రవారాలు నీళ్లు కూడా ముట్టకుండా ఉపవాసం ఉంటున్నాను. సంఘపెద్దలేమో "పాతవి గతించెను, ఇంకా ఏడుస్తున్నావంటే విశ్వాసం చాలదు" అంటున్నారు. మాత్రలు వాడితే దేవుణ్ణి నమ్మనట్టేనా?

జవాబు: కాదు. పౌలు వెంట నడిచిన లూకా వైద్యుడే. నేనూ ఆదివారం మందిరానికి వెళ్లేవాణ్ణే, సోమవారం మాత్రలు రాసేవాణ్ణే.

మీరు రాసినదాన్ని బట్టి ఇది డిప్రెషన్ అనిపిస్తోంది. చూసి నిర్ధారించాలి. తెల్లవారకముందే మెలకువ, ఆకలి చచ్చిపోవడం, బరువు తగ్గడం ఇందులో మామూలే. చాలామందికి తెలియనిది ఏమిటంటే, 'నేను పాపిని, నాకు క్షమాపణ లేదు' అని లోపల తొలిచేసే బాధ కూడా ఈ జబ్బు లక్షణమే. జ్వరంలో ఒళ్లు కాలినట్టు ఇందులో మనసు కాలుతుంది. ఆరేళ్లు బాగున్న మనిషికి నాలుగు నెలల నుంచే ఇలా ఎందుకైంది? నాన్న విషయంలో కొత్తగా జరిగిందేమీ లేదు కదా.

చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా? మీరు రాయలేదు గానీ నేను అడగాలి. అనిపిస్తే ఈరోజే ఇంట్లో ఎవరికైనా చెప్పండి, పురుగుమందు డబ్బాలు ఇంట్లో ఉంచకండి, 14416కి ఫోన్ చేయండి. టెలి మానస్ అంటారు, ఉచితం, రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడతారు. ఏలీయా ప్రవక్త కూడా చెట్టు కింద కూలబడి ఇక చాలు, ప్రాణం తీసేయమని దేవుణ్ణి అడిగాడు. దేవుడు ఆయన్ని తిట్టలేదు. నిద్రపోనిచ్చాడు, రొట్టె, నీళ్లు పంపాడు, మళ్లీ నిద్రపోనిచ్చాడు. డాక్టరుగా నాకు ఆ వరస చాలా ఇష్టం.

ఇక నాన్న సంగతి. ఆ డబ్బు తాగేయడం తప్పు కాదని నేను అనను, అన్నా మీరు నమ్మరు. కానీ మీ కవిటి ఉన్న ఉద్దానం ప్రాంతంలో ఇంతమందికి కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో శాస్త్రవేత్తలు ఇప్పటికీ కచ్చితంగా తేల్చలేదు. నాన్నకు ఆ జబ్బు మీ తాగుడు వల్ల రాలేదు. డయాలసిస్ రక్తాన్ని శుభ్రం చేస్తుంది గానీ పాడైన కిడ్నీని బాగు చేయదు. ఆ డబ్బు ఉండి ఉంటే బతికేవారా అంటే ఏ డాక్టరూ చెప్పలేడు. మీ తప్పు ఆ డబ్బు వరకే. మీరు నాన్న చావు మొత్తం నెత్తిన వేసుకున్నారు.

పెద్దలు చెప్పే మాటకు వస్తాను. ఆ మాట రాసిన పౌలే, వెనుక ఉన్నవి మరచి పరుగెడుతున్నానని ఫిలిప్పీయులకు కూడా రాశాడు. అదే అధ్యాయంలో కొన్ని వచనాలు పైకి వెళ్లి చూడండి, తాను సంఘాన్ని హింసించినవాడినని తనే చెప్పుకున్నాడు. అంటే ఆయనకు అన్నీ గుర్తున్నాయి! మరచిపోవడమంటే జ్ఞాపకం చెరిగిపోవడం కాదు, దాని దగ్గరే ఆగిపోకపోవడం. బాధతో నిండిన జ్ఞాపకాన్ని మెదడు గట్టిగా పట్టుకుంటుంది, బాప్తిస్మం నీళ్లలో అది కరిగిపోదు. కరగలేదని మీ విశ్వాసాన్ని కొలవడం అన్యాయం. నొచ్చుకోకపోతే ఈ జవాబును మీ పాస్టరుగారికి కూడా చూపించండి.

నొప్పి మాత్రలు ఇవాళే ఆపేయండి, రోజూ వేసుకుంటే అవి కిడ్నీలను దెబ్బతీయగలవు. ఉద్దానం మనిషి, తండ్రికి కిడ్నీ జబ్బు, రోజూ నొప్పి మాత్ర, పైగా ఎండలో పని చేస్తూ నీళ్లు లేని ఉపవాసం. నాకు భయం వేసింది. ఉపవాసం ఉండండి, నీళ్లు మాత్రం తాగండి. ముందు దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రిలో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చూసే రక్తపరీక్ష), షుగర్, థైరాయిడ్, హిమోగ్లోబిన్ చూపించుకోండి. ఆ రిపోర్టులతో శ్రీకాకుళంలో రిమ్స్ అని పిలిచే ప్రభుత్వ పెద్దాసుపత్రిలో మానసిక వైద్యుణ్ణి కలవండి. దూరమే, అయినా వెళ్లండి. డిప్రెషన్ మాత్రలు పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, వారంలో ఏమీ తెలియలేదని మానేయకండి. తాగుడులా అలవాటుపడేవి కావు. తగ్గాక కూడా కనీసం ఆరు నెలలు వాడాలి, డాక్టరు చెప్పకుండా ఒక్కసారిగా ఆపకూడదు. వాటితో కలిపి నొప్పి మాత్రలు వేసుకుంటే కడుపులో రక్తస్రావం కావచ్చు, అది మరో కారణం.

మూడింటికి మెలకువ వస్తే పక్క మీద దొర్లకండి, లేచి కూర్చోండి. అదే తప్పును ఆ వేళ మళ్లీ మళ్లీ ఒప్పుకోవద్దు, దేవుడు మొదటిసారే విన్నాడు. పగలు ఇరవై నిమిషాలు కేటాయించి, మనసులో ఉన్నది కాగితం మీద పెట్టండి.

అమ్మకు చెప్పాలా అంటే, నా అభిప్రాయం చెప్పాలనే. ఒక్కసారి, సూటిగా, సాకులు లేకుండా. ఆమె కోప్పడితే కోప్పడనివ్వండి, వెంటనే క్షమించమని పట్టుబట్టకండి. అయితే ఇప్పుడే కాదు. మందులు మొదలుపెట్టి, కడుపునిండా తిని, రాత్రి కాస్త నిద్ర పట్టడం మొదలయ్యాక ఆ మాట ఎత్తండి.