నా ఫోన్‌లో ఉన్నవి నా సంగతులు మాత్రమే కాదు

"ప్రభుత్వం మన ఫోన్లు, మెసేజ్‌లు చూస్తే ఏమవుతుంది, తప్పు చేయనివాళ్లకు భయమెందుకు?" అని అడిగారు కదండీ. నేనూ ఇదే మాట అనేదాన్ని, మా తమ్ముడితో పోట్లాడేదాన్ని కూడా. ఒక మధ్యాహ్నం తర్వాత అనడం మానేశాను.

మాది తిరుపతి, కొర్లగుంట వైపు. పొదుపు సంఘానికి లీడర్‌ని. కొన్నేళ్ల కిందట ఎండాకాలంలో మా వీధికి నీళ్లు సరిగా రాలేదు, ట్యాంకర్ వచ్చినా చివరి ఇళ్లదాకా చేరేది కాదు. ఖాళీ బిందెల వరుసను ఫోటో తీసి, కోపంగానే నాలుగు మాటలు రాసి వీధి వాట్సాప్ గ్రూపులో పెట్టాను. ఎవరో దాన్ని స్క్రీన్‌షాట్ తీసి ఎక్కడికో పంపారు. మూడో రోజు స్టేషన్‌కు రమ్మని ఫోన్ వచ్చింది. కేసు లేదు, కాగితం లేదు, "ఊరికే మాట్లాడదాం రామ్మా" అన్నారు. మర్యాదగానే కూర్చోబెట్టారు, ఆ మాట చెప్పాలి. తర్వాత అక్కడి పోలీసాయన ఫోన్ అడిగారు. లాక్ తీసి నేనే ఇచ్చాను, ఇవ్వకపోతే ఏదో దాస్తున్నానని అనుకుంటారేమో అని.

ఇరవై నిమిషాలు చూసుంటారు. నీళ్ల గ్రూపు దగ్గర ఆగలేదు. మా సంఘంలో ఒకామె, భర్త కొడుతున్నాడని, దెబ్బల ఫోటోలతో సహా రాత్రిపూట నాకు పెట్టిన మెసేజ్‌లు అందులో ఉన్నాయి. ఇంకొకామె కూతురి పెళ్లికి ఇంట్లో తెలియకుండా వడ్డీకి తెచ్చిన అప్పు సంగతి ఉంది. ఆయన వేలు వాటి మీదుగా పోతుంటే నేను ఎదురుగా కూర్చుని చూస్తూ ఉన్నాను. నేనేం తప్పు చేయలేదు, నిజమే. కానీ వాళ్లు మాత్రం ఏం తప్పు చేశారు? నన్ను నమ్మి చెప్పుకున్నారు, నేను నా చేత్తోనే తెరిచి ఇచ్చాను.

ఆ తర్వాత గ్రూపులో గుడ్ మార్నింగ్ బొమ్మలు తప్ప ఏమీ రాలేదు. అదే నెలలో మళ్లీ నీళ్లు ఆగినా ఒక్కరూ రాయలేదు, "మనకెందుకక్కా ఈ టెన్షన్" అన్నారు. దెబ్బలు తింటున్నామెకు జరిగింది చెప్పాను, చెప్పకుండా ఉండలేకపోయాను. ఏమీ అనలేదు. మెసేజ్ పెట్టడం మానేసింది. పోనీ ఇంటికొచ్చి చెబుతుందిలే అనుకున్నాను, అదీ లేదు.

మా తమ్ముడు లాయర్ దగ్గర జూనియర్. వాడి ద్వారా తర్వాత తెలిసినవి చెప్తాను. గోప్యత ప్రాథమిక హక్కేనని పుట్టస్వామి కేసులో 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిది మంది జడ్జీలు ఏకగ్రీవంగా చెప్పారు. ఐటీ చట్టం 69 సెక్షన్ కింద మన మెసేజ్‌లను దారిలో పట్టుకుని చదవాలంటే మామూలుగా హోం శాఖ కార్యదర్శి రాతపూర్వక ఆదేశం ఉండాలి. నా దగ్గర అంత పనే పడలేదు. ఇంకో సంగతి, సాక్షిగా అడగాలనుకున్నా ఆడవాళ్లను, తమంతట తాము ఒప్పుకుంటే తప్ప, ఇంటి దగ్గరే అడగాలి. పోలీసులు, కోర్టులు ఎలా నడుచుకోవాలో చెప్పే ఇప్పటి చట్టం బీఎన్ఎస్ఎస్‌లో అది 179 సెక్షన్, దానికి ముందున్న సీఆర్‌పీసీలో 160. ఇది ఆ రోజు తెలిసుంటే బాగుండేది.

పెగాసస్ అనే స్పైవేర్, అంటే ఫోన్‌లో దొంగచాటుగా నిఘా పెట్టే సాఫ్ట్‌వేర్, గురించి కూడా చెప్పాలి. వాట్సాప్ మెసేజ్‌కు ఎన్‌క్రిప్షన్, అంటే పంపినవాళ్లకూ అందుకున్నవాళ్లకూ తప్ప అర్థం కాకుండా వేసే తాళం, ఉంటుంది కాబట్టి దారిలో చదవలేరు, అందుకే ఇలాంటి స్పైవేర్ నేరుగా ఫోన్‌లోకే దూరుతుంది, లింకు నొక్కకపోయినా సరే. నేను లాక్ తీసి ఇస్తే ఆయన ఎలా చూశారో, అది తెలియకుండా రోజూ అలా చూస్తుంది. దాన్ని తయారుచేసే ఇజ్రాయెల్ కంపెనీ ఎన్ఎస్ఓ ప్రభుత్వాలకే అమ్ముతామని చెబుతుంది. మన దేశంలో దాన్ని వాడారా అని తేల్చడానికి సుప్రీంకోర్టు వేసిన కమిటీ 29 ఫోన్లు పరీక్షిస్తే అయిదింటిలో ఏదో మాల్‌వేర్, అంటే హాని చేసే సాఫ్ట్‌వేర్, దొరికింది, అది పెగాససే అని మాత్రం తేలలేదు. కమిటీకి కేంద్రం సహకరించలేదని అప్పటి ప్రధాన న్యాయమూర్తి, మన తెలుగాయన ఎన్.వి. రమణ, 2022 ఆగస్టులో కోర్టులోనే చెప్పారు. ఈ ముక్క నన్ను ఎక్కువ బాధపెట్టింది. ప్రభుత్వం పెగాసస్‌ను కొన్నదా లేదా అని అడిగితే జవాబే రాదంటే, నాలాంటిది ఎవరిని అడగాలి?

తిరుమల కొండ మీద 2023 మార్చి నుంచి గదులకూ సర్వదర్శనానికీ ముఖాన్ని గుర్తుపట్టే కెమెరాలు పెట్టడం మొదలుపెట్టారు. దళారుల బెడద తగ్గాలని పెట్టారు, నాకు అభ్యంతరం లేదు. ఎందుకు తీస్తున్నారో అక్కడ తెలుస్తుంది. కానీ 2023లో వచ్చిన డేటా రక్షణ చట్టం 17 సెక్షన్ చూస్తే, దేశ భద్రత, శాంతిభద్రతల పేరు మీద తనకు కావలసిన ప్రభుత్వ సంస్థలను ఆ చట్టం నుంచే తప్పించే అధికారం కేంద్రానికి ఇచ్చారు. అంటే బ్యాంకును, యాప్‌ను అడగగలిగినన్ని ప్రశ్నలు కూడా ఆ సంస్థలను అడగలేం.

మీకు ఎప్పుడైనా ఇలా పిలుపు వస్తే నోటీసు రాతపూర్వకంగా ఇమ్మని అడగండి, ఒంటరిగా వెళ్లకండి, 15100కు ఫోన్ చేయండి. అది ఉచిత న్యాయ సహాయం నంబరు, ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా లాయర్‌ని ఇస్తారు.

పోయిన నెల సంఘం మీటింగ్‌లో ఇదంతా చెప్పాను. అప్పు సంగతి రాసినామె చివరిదాకా విని, "అయితే అక్కా, నా మెసేజ్‌లు ఇంకా నీ ఫోన్‌లోనే ఉన్నాయా?" అని అడిగింది. ఉన్నాయి. ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని, ఒక్కొక్కటీ ఆమెకు చూపిస్తూ తీసేశాను.